30 అడుగుల రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా? హైదరాబాద్ కాలనీ వీధుల వెడల్పు లెక్కలు

హైదరాబాద్‌లో ప్లాటు కొనడానికి వెళ్లినవాళ్లు గజం ఎంతో అడిగాక వెంటనే అడిగేది "రోడ్డు ఎంత?" అనే. అమ్మేవాళ్లు థర్టీ ఫీట్ అంటారు. సేల్ డీడ్‌లోనూ అదే రాసి ఉంటుంది. ఇల్లు కట్టే సమయానికి టౌన్ ప్లానింగ్ వాళ్లు టేపు పెడితే అక్కడ 22 అడుగులే ఉంటుంది, ముందు నాలుగు అడుగులు వదిలి కట్టుకోవాలంటారు. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. డబ్బు పోసి రిజిస్ట్రేషన్ చేయించుకున్న నేలను ఎందుకు వదలాలి? ఎదురింటివాళ్లు వదల్లేదు కదా? వదిలినదానికి మాకేం వస్తుంది?

2025 చివర్లో శివార్లలోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. పంచాయతీల హయాంలో వేసిన వెంచర్లు, హెచ్‌ఎండీఏ (మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుట్లు, పాత ఊళ్ల గ్రామకంఠాలు అన్నీ అప్పట్లో ఒకే నగరపాలక సంస్థ కిందికి వచ్చాయి. ఒక్కోచోట రోడ్డు ఒక్కో కొలతలో ఉంది. ఇంటి ముందు వీధి ఎంత ఉండాలనే చర్చ ఇప్పుడు చాలా కాలనీల్లో నడుస్తున్నది అందుకే. ఇందులో సగం గొడవ, ఒకరు ఒక కొలత గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు మరో కొలత గురించి మాట్లాడటం వల్ల వస్తోంది. ముందు ఆ చిక్కు విప్పుకుందాం.

రోడ్డు వెడల్పు అంటే ఏది?

లేఅవుట్ నక్షాలో 30 అడుగులు అని ఉంటే అది ఈ వరస ప్లాట్ల హద్దు నుంచి ఎదురు వరస ప్లాట్ల హద్దు దాకా ఉన్న దూరం. ఇంజినీర్లు దీన్ని రైట్ ఆఫ్ వే అంటారు. సీసీ రోడ్డు, మోరీ, ఫుట్‌పాత్, కరెంటు స్తంభాలు, చెట్లు అన్నీ ఆ 30లోనే సర్దుకోవాలి. అంటే 30 అడుగుల రోడ్డులో 30 అడుగుల మేర బండి నడవదు. నడవాలని ఏ నిబంధనా చెప్పదు.

రెండో కొలత గోడ నుంచి గోడకు. నక్షాలో ఎంత ఉన్నా, ఇళ్లు కట్టేటప్పుడు ఒకరు అడుగు, ఒకరు రెండడుగులు ముందుకు జరిగితే ఇది తగ్గిపోతుంది. టౌన్ ప్లానింగ్ వాళ్లు టేపు పెట్టేది దీనికే. మూడోది, నిజంగా బండి పోగలిగే దారి. అగ్నిమాపక వాహనానికైనా, అంబులెన్సుకైనా, వాటర్ ట్యాంకర్‌కైనా పనికొచ్చేది ఈ మూడోదొక్కటే.

గోడ నుంచి గోడకు 20 అడుగులున్న గల్లీని తీసుకుందాం. సెల్లార్ లేకపోయినా దాదాపు ప్రతి ఇంటికీ కారు ఎక్కడానికి ర్యాంపు ఉంటుంది. దాని పక్కనే మెట్టు, నీటి మీటరు గుంత, ఒకచోట కరివేపాకు చెట్టుకు కట్టిన గట్టు. ఇలా రెండు వైపులా తలా రెండడుగులు పోతాయి. మిగిలింది 16. ఒక పక్క కారు నిలబెడితే, అద్దాలతో కలిపి ఆరడుగులు తీసేయాలి. ఇక పది అడుగులు. ఫైరింజన్ వెడల్పే సుమారు ఎనిమిది అడుగులు కాబట్టి అది మెల్లగా దూరుతుంది. అవతలి పక్క ఇంకో కారు పెట్టారంటే మిగిలేది నాలుగడుగులు, బైకు మాత్రమే పోతుంది. ఇదే లెక్క 30 అడుగుల రోడ్డుకు వేస్తే, ర్యాంపులు పోను 26, రెండు పక్కలా కార్లు పోను 14. 40 అడుగులకైతే 24. కొత్త ఇళ్లకు కనీసం 30 అడుగుల రోడ్డు ఉండాలన్న నిబంధన వెనకున్న లాజిక్ ఈ 14 అడుగుల్లో కనిపిస్తుంది. కార్లు రెండు పక్కలా ఉన్నా ఒక పెద్ద బండి ఆగకుండా పోవాలి.

కొలత ఖరారు చేసేది కౌన్సిలా, సచివాలయమా?

అమెరికాలోని చాలా ఊళ్లలో నివాస వీధులు ఎంత వెడల్పుండాలో సిటీ కౌన్సిలే తీర్మానం చేస్తుంది. మన దగ్గర అలా కాదు. ఇల్లు కట్టాలంటే ముందున్న రోడ్డు కనీసం ఎంత ఉండాలో రాష్ట్ర ప్రభుత్వం పురపాలక శాఖ జీవోల ద్వారా చెబుతుంది. ఇప్పటికీ వాడుకలో ఉన్న నియమాలకు పునాది 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 168. అంతకు ముందు 2006లో హైదరాబాద్ కోసమే వచ్చిన జీవో 86 ఉండేది. తెలంగాణ ఏర్పడ్డాక 168కి చాలా సవరణలు వచ్చాయి గానీ దాని చట్రం అలాగే ఉంది.

కార్పొరేషన్ చేతిలో ఉన్నది వేరే అధికారం. 1955 నాటి మున్సిపల్ చట్టం ప్రకారం ఫలానా వీధికి ఇది రోడ్డు లైను అని ఖరారు చేయవచ్చు. రోడ్డు విస్తరణ ప్రణాళికలు, అంటే అందరూ ఆర్డీపీ అని పిలిచేవి, స్టాండింగ్ కమిటీ ముందుకు వచ్చి ఆమోదం పొందేది ఇలాగే. అవి ఎక్కువగా ప్రధాన రోడ్లకు, లింకు రోడ్లకు వస్తాయి. మీ గల్లీకి ప్రత్యేకంగా ఆర్డీపీ ఉండే అవకాశం తక్కువ. శివార్లలో కొత్త లేఅవుట్ల అనుమతి సంగతి హెచ్‌ఎండీఏ చూస్తుంది. అందుకే కార్పొరేటర్‌ను అడిగితే టౌన్ ప్లానింగ్ అంటారు, అక్కడికి వెళ్తే జీవో అంటారు. తప్పించుకోవడానికి అలా అంటున్నారని జనానికి అనిపిస్తుంది. నిజానికి అధికారమే అలా ముక్కలై ఉంది.

ఈ నగరంలో వీధుల వెడల్పును పాలకులు పట్టించుకోవడం కొత్తేమీ కాదు. 1908 మూసీ వరద, ఆ తర్వాత వచ్చిన ప్లేగు చూశాక నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టింది. ఇరుకు బస్తీలను తీసేసి గాలి వెలుతురు వచ్చే ఇళ్లు కట్టడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. పత్తర్‌గట్టీలో రోడ్డుకు రెండు పక్కలా ఒకే వరసలో నిలబడ్డ రాతి కమానులు ఆ బోర్డు కట్టించినవే. అప్పట్లో ఈ పనికి కారణం జబ్బులు, ఇప్పుడు కార్లు, మంటలు.

నిబంధన చెప్పేది: రోడ్డును బట్టి ఇల్లు

జీవో 168ని చాలామంది రోడ్లు వేసే నియమంగా అనుకుంటారు. అది భవనాల నియమం. ఇంత రోడ్డుంటే ఇంత కట్టుకోవచ్చు అని చెబుతుంది. కొత్త లేఅవుట్లలో మామూలు ఇంటికి 9 మీటర్లు, అంటే మనం రౌండుగా 30 అడుగులు అనేది. అపార్ట్‌మెంట్ కట్టాలంటే అంతకన్నా వెడల్పు రోడ్డు కావాలి. పాత బస్తీలు, గ్రామకంఠాల్లో అంత ఉండదు కాబట్టి తక్కువకు ఒప్పుకున్నారు. అయితే రోడ్డు మధ్య గీత నుంచి కొలిచి, తక్కువ పడిన మేర తమ వాటా వదిలి కట్టాలనే షరతు పెట్టారు.

పైకి వెళ్లేకొద్దీ షరతు బిగుస్తుంది. 2012 నియమాల్లో హైరైజ్ భవనానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం కావాలి. రోడ్డు 12 మీటర్ల దగ్గర మొదలై, బాగా ఎత్తైన టవర్లకు 30 మీటర్లకు చేరుతుంది. ఈ వరస వెనక ఆలోచన సరైనదే. ఎత్తు పెరిగితే కుటుంబాలు పెరుగుతాయి, వాళ్ల బండ్లు, వాళ్ల నీళ్లు, వాళ్ల మురుగు అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే పడతాయి.

150 గజాల ప్లాటులో ఎంత పోతుంది?

ముందు 30, లోపలికి 45 అడుగులున్న ప్లాటు. 1,350 చదరపు అడుగులు, అంటే 150 గజాలు. ముందు రోడ్డు 20 అడుగులుంది, 30 కావాలి. తక్కువ పడిన పదిలో సగం మీ వైపు, సగం ఎదురు వైపు. మీరు వదలాల్సింది ఐదడుగుల లోతు, 30 అడుగుల పొడవు ముక్క. 150 చదరపు అడుగులు, 16.7 గజాలు.

అక్కడితో అయిపోదు. సెట్‌బ్యాక్, అంటే ప్లాటు హద్దుకూ ఇంటి గోడకూ మధ్య వదలాల్సిన ఖాళీ, లెక్క రోడ్డు కొత్త హద్దు నుంచి మొదలవుతుంది. ఈ సైజు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి 2012 నియమం ప్రకారం ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. రోడ్డుకు ఏమీ పోకపోతే ఒక్కో అంతస్తు సుమారు 862 చదరపు అడుగులు వస్తుంది. ఐదడుగులు పోతే 745. తేడా 117. మూడు అంతస్తులకు 351 చదరపు అడుగులు, ఒక చిన్న వాటా అంత. స్థలం తగ్గింది 11 శాతమే గానీ ఇల్లు 13 శాతం పైగా తగ్గింది. ప్లాటు చిన్నదయ్యేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. 60 గజాల ఇంటివాళ్లు 'మాకు ఇల్లే మిగలదు' అంటే అందులో అతిశయోక్తి లేదు.

వదిలిన ముక్కను చాలాసార్లు ఉచితంగా గిఫ్ట్ డీడ్ రాసి కార్పొరేషన్‌కు ఇవ్వాల్సి వస్తుంది. బదులుగా సెట్‌బ్యాక్‌లో కొంత సడలింపు దొరకవచ్చు. మాస్టర్ ప్లాన్ రోడ్లకు, ఆర్డీపీ రోడ్లకు నేల ఇస్తే టీడీఆర్ వస్తుంది. ఇది వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు. మీరు కట్టుకోకపోతే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. 2017లో దీన్ని 400 శాతానికి పెంచారు. కాగితం మీద 150 అడుగుల నేలకు 600 అడుగుల టీడీఆర్ అన్నమాట. పెద్ద ముక్క ఇచ్చినవాళ్లకు ఇది బాగానే గిట్టుబాటవుతుంది. చిన్న ఇంటివాళ్లకు కొనేవాడిని వెతుక్కోవడమే ఒక పని.

ఇక్కడ జనానికి కలిగే బాధ అర్థం చేసుకోదగ్గదే. పాతబస్తీ మెట్రో దారిలో ఆస్తులు పోయినవాళ్లకు గజానికి 81,000 రూపాయలు పరిహారంగా నిర్ణయించారు. ఇల్లు కట్టుకోవడానికి వచ్చి నేల వదిలినవాళ్లకు చేతికి రూపాయి రాదు. చట్టం దృష్టిలో మొదటిది భూసేకరణ, రెండోది అనుమతికి షరతు. పోయింది నేలే కదా అని అడిగేవాళ్లకు ఈ తేడా చెప్పి ఒప్పించడం కష్టం. నా ఉద్దేశంలో చిన్న ప్లాట్ల విషయంలోనైనా ఈ రెంటి మధ్య దూరం తగ్గించాలి.

వెడల్పు పెంచాల్సిందే అనేవాళ్లు

2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు, అందులో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. అప్పటి నుంచి ఇరుకు దారుల మాట వచ్చినప్పుడల్లా ఆ ప్రమాదాన్ని ప్రస్తావిస్తారు. అయితే దాన్ని జాగ్రత్తగా చూడాలి. ఆ ఇల్లు చార్మినార్ దగ్గరి పెద్ద బాటను ఆనుకునే ఉంది. ప్రాణాంతకమైన ఇరుకు ఇంట్లోకి వెళ్లే దారిలో ఉంది. లోపలికైనా బయటికైనా ఆ ఒక్క సన్నటి మార్గమే దిక్కు. వీధి వెడల్పు ఒక్కటి పెంచితే ఇలాంటి ప్రమాదం ఆగదు. అలాగని వీధి ఇరుకుగా ఉన్నా పర్వాలేదని కాదు. బండి గల్లీ మొదట్లో ఆగిపోయి అక్కడి నుంచి పైపులు లాక్కుంటూ వెళ్లాల్సి వస్తే పోయేది విలువైన నిమిషాలు.

మంటల సంగతి పక్కన పెట్టినా రోజువారీ అవసరాలున్నాయి. మంచినీటి పైపు, డ్రైనేజీ లైను, వరద నీటి కాలువ ఒకదానికొకటి దూరంగా వేయాలంటే జాగా కావాలి. ఇరుకు గల్లీలో అవి దగ్గరదగ్గరగా పడతాయి, ఒకదాన్ని బాగుచేయడానికి తవ్వితే ఇంకోటి పగులుతుంది. నల్లాలో మురుగు వాసన వస్తోందనే ఫిర్యాదు ఇరుకు బస్తీల నుంచి రావడానికి ఇదొక కారణం.

వెడల్పు పెంచితే పోయేవీ ఉన్నాయి అనేవాళ్లు

కొత్త లేఅవుట్‌లో రోడ్డు పెరిగితే ధర పెరుగుతుంది. రెండు వరసల ప్లాట్లు, ఒక్కోటి 45 అడుగుల లోతు, మధ్యలో 30 అడుగుల రోడ్డు. మొత్తం 120లో రోడ్డు పాతిక శాతం. అడ్డ రోడ్లు, పార్కు అదనం. దాన్ని 40 చేస్తే 130లో 40, దాదాపు 31 శాతం. అమ్ముకునే నేల 75 నుంచి 69 శాతానికి పడిపోతుంది కాబట్టి వెంచర్ వేసినవాళ్లు పెట్టిన డబ్బు రాబట్టాలంటే గజం ధర సుమారు 8 శాతం పెంచాలి. ఆ భారం కొనేవాళ్ల మీదే పడుతుంది. పేదల లేఅవుట్లలో తక్కువ వెడల్పుకు ఒప్పుకునేది ఇందుకే.

రెండోది వేగం. ఖాళీగా, వెడల్పుగా ఉన్న కాలనీ రోడ్డు మీద బైకులు ఎలా పోతాయో చూస్తూనే ఉన్నాం. పిల్లలు ఆడుకునే వీధిలో బండి తనంతట తాను నెమ్మదించాలంటే ఇరుకు కొంత పనికొస్తుందని వీళ్ల వాదన. పాతబస్తీ గల్లీల్లో ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఒక పక్క నీడ దొరుకుతుంది. నీడ లేని 40 అడుగుల సీసీ రోడ్డు సాయంత్రం దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది.

ఈ వాదనకు అమెరికాలోని పోర్ట్‌లాండ్‌ను ఉదాహరణగా చూపిస్తారు. ఆ నగరం 1991లో కొత్త నివాస వీధులను కుదించింది. ఒక పక్క పార్కింగ్ ఉంటే 20 అడుగులు, రెండు పక్కలా ఉంటే 26 అడుగులు చాలంది. "వాళ్లే 20 చాలంటుంటే మనకు 30 ఎందుకు?" అని ఇక్కడ అడిగేవాళ్లున్నారు. మొదట చెప్పుకున్న చిక్కు ఇక్కడ మళ్లీ వస్తుంది. పోర్ట్‌లాండ్ చెప్పిన 20 బండి నడిచే దారి కొలత. ఫుట్‌పాత్, చెట్ల వరస దానికి అదనం. మన 30 హద్దు నుంచి హద్దుకు, అన్నీ కలిపి. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఫుట్‌పాత్‌కు కనీసం 1.8 మీటర్ల ఖాళీ నడక దారి ఉండాలంటుంది. రెండు పక్కలా అలా తీస్తే మన 30లో మిగిలేది 18 అడుగులు. ఆ లెక్కన మనది పోర్ట్‌లాండ్ కన్నా సన్న వీధే.

వీధి మారలేదు, దాని మీది జనం మారారు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు ఊళ్లు. ఆ ఊళ్ల లోపలి గల్లీలు ఎడ్లబండి, మనిషి నడిచే లెక్కకు ఏర్పడినవి. వాటి పక్కన ఒక్కో ఇంట్లో ఒక కుటుంబం ఉన్నంతకాలం 15 అడుగులైనా ఎవరికీ ఇబ్బంది కాలేదు. ఇప్పుడు అదే 60, 70 గజాల్లో ఐదారు అంతస్తుల పీజీ హాస్టళ్లు లేచాయి. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో అలాంటి ఒక భవనం పక్కకు ఒరిగింది. జనాన్ని ఖాళీ చేయించి, దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ల మధ్య ఆ పని ఎంత కష్టమో అప్పుడు అందరూ చూశారు.

నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఇదే. వెడల్పు చాలుతుందా అనే ప్రశ్నకు వీధిని మాత్రమే చూసి జవాబు చెప్పలేం, దాని మీద ఎన్ని కుటుంబాలు ఆధారపడుతున్నాయో చూడాలి. 20 ఇళ్లున్న 20 అడుగుల గల్లీ హాయిగా ఉంటుంది. అందులోనే 20 హాస్టళ్లు వస్తే 40 అడుగులైనా చాలదు. జీవో ఈ సంబంధాన్ని గుర్తించింది, కానీ అమలు అనుమతి కాగితం దగ్గర ఆగిపోతోంది. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. లంచాల బాధ తగ్గించిన మంచి మార్పు ఇది. అయితే రోడ్డు ఎంతుందో చెప్పేది కూడా యజమానే. తర్వాత తనిఖీ ఉంటుంది, తప్పు చెబితే నోటీసు లేకుండా కూల్చే అధికారమూ ఉంది. పక్కా కొలత ముందే ప్రభుత్వం దగ్గర ఉంటే ఈ తనిఖీ మీద ఇంత భారం పడేది కాదు.

వదిలిన ఐదడుగులు ఏమవుతాయి?

కొత్తగా కట్టేవాళ్లు మాత్రమే వెనక్కి జరగాలి. పాత ఇంటివాళ్లు కదలక్కర్లేదు. కాబట్టి ఒక గల్లీ పూర్తిగా 30 అడుగులు కావాలంటే అందులోని చివరి పాత ఇల్లు కూడా పడగొట్టి కట్టేదాకా ఆగాలి. అప్పటిదాకా ఆ వదిలిన జాగా రోడ్డులో కలవదు. మెట్లు, ర్యాంపు, జనరేటర్, కారు షెడ్డు అక్కడికి వచ్చేస్తాయి. గిఫ్ట్ డీడ్ కార్పొరేషన్ పేరు మీద ఉంటుంది, వాడకం ఇంటివాళ్లది. విడివిడి ఇళ్ల దగ్గర కాకుండా వీధి మొత్తానికి ఒక లైను గీసి, రెండు చివర్లా రాయి పాతి, అందరూ చూసేలా పెడితే ఈ నేల కొంతైనా మిగులుతుంది.

శివారు వెంచర్లలో చిక్కు ఇంకా లోతైనది. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్ల నేలను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా ఇచ్చేస్తారు. అనుమతి లేకుండా ప్లాట్లు చేసి అమ్మినచోట అలా జరగలేదు. ప్లాట్లు అమ్ముడుపోయాయి, రోడ్డు ముక్కలు మాత్రం రికార్డుల్లో పాత పట్టాదారు పేరు మీదే ఉండిపోయాయి. ఇరవై ఏళ్లకు ఆయన వారసులు వచ్చి ఆ నేల మాదే అని గోడ కట్టిన సందర్భాలున్నాయి. రోడ్డు మూసేశారంటూ ఆక్రమణలు తొలగించడానికి 2024లో ఏర్పడిన హైడ్రాకు వస్తున్న ఫిర్యాదుల్లో ఇలాంటివీ ఉన్నాయి. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, అంటే 2020 ఎల్‌ఆర్‌ఎస్‌లో ఫీజు కట్టినవాళ్లకు ప్లాటు క్రమబద్ధమవుతుంది, పార్కు జాగా వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కడతారు. అంత కట్టినా, ఆ ప్లాటుకు వెళ్లే రోడ్డు ఎవరి పేరు మీద ఉందనేది వేరుగా తేల్చుకోవాల్సిందే. పట్టాదారు పేరు మీదున్న నేలకు 30 అడుగులని నిర్ణయించినా 40 అని నిర్ణయించినా, అక్కడ గోడ లేచిన రోజున కాలనీవాళ్ల చేతిలో చూపించడానికి ఉండేది తమ సేల్ డీడ్‌లోని హద్దుల పేరా ఒక్కటే.